ముద్ర పడని బొటనవేలు

నాగశివ ఇప్పుడు బాపట్లలో పోలీసుల దగ్గర ఉన్నాడు. వేసవిలో, వేట నిషేధం రోజుల్లో, రేపల్లె అవతల రేవులో కట్టేసి ఉన్న బసవపున్నయ్య బోటు ఒక రాత్రి తగలబడిపోయింది. లోపల పడుకున్న కాపలా ముసలాయన కూడా కాలిపోయాడు. ఆ బోటు నడిపే సరంగుగా చేసి, బసవపున్నయ్యతో గొడవపడి పని మానేసినవాడు నాగశివ. కాబట్టి అనుమానం అతని మీదికి పోయింది, మొన్న పట్టుకొచ్చారు. ఆ రాత్రి నేను రేవులో లేనంటాడు. మరెక్కడున్నావంటే నోరు విప్పడు. ఫోను తెరవడానికి నంబరు చెప్పడు. అతని వేళ్ళు ఫోనుకి ఆనించి చూసుకోవచ్చని మేజిస్ట్రేటు అనుమతి ఇచ్చారు గానీ, ఆ వేళ్ళల్లో ఒక్కదాన్నీ ఫోను గుర్తుపట్టలేదు. కావాలనే వేళ్ళు అరగదీసుకున్నాడు, సాక్ష్యం మాపేశాడు అని ఇన్‌స్పెక్టర్ భరద్వాజ మండిపడుతుండగా, ఆ కబురు తెనాలిలో లాయరు అపర్ణ చెవిన పడ్డ దగ్గర క్రితం వారం మనం ఆగాం.

మర్నాడు పొద్దున్నే అపర్ణ తెనాలి స్టేషన్‌కు వచ్చేసరికి పద్మజ ప్లాట్‌ఫాం ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతోంది. నాగశివ భార్య ఆమె. రోజూ రేపల్లె బండిలో చేపల గంపతో తెనాలి మార్కెట్టుకు వచ్చే మనిషి. ఇవాళ గంప లేకుండా వచ్చింది కాబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియడం లేదు. ఒకసారి కొంగు దోపుకుంటుంది, ఒకసారి తీస్తుంది, కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుని వస్తుంది, మళ్ళీ వెళుతుంది. బాపట్ల వైపు పాసింజరు రావడానికి ఇంకా టైముందని అపర్ణ చెప్పినా వినిపించుకోలేదు.

బండెక్కాక కూడా అంతే. కిటికీ పక్కన చోటు దొరికినా కూర్చోదు. తలుపు దగ్గర నిలబడి, ముసురు పట్టిన పొలాల వైపు చూస్తూ తనలో తను ఏదో అనుకుంటోంది. అపర్ణ లేచి ఆమె పక్కకు వెళ్ళింది.

"పద్మజా, ఒక మాట చెప్పు. మీ ఆయన వేళ్ళు నిజంగానే అరగదీసుకున్నాడా?"

"అదేం మాటమ్మా! ఆయన వేలు ఎప్పుడు పడింది గనక? రేషన్ డిపోలో మిషను మీద పెడితే ఏనాడూ పడదు. ఆయనకే కాదు, మా పల్లెపాలెంలో తాడు లాగే మగోళ్ళు ఎవరికీ పడదు. కన్ను చూపిస్తేనే మాకు బియ్యం."

అపర్ణకు ఆ ఒక్క ముక్క చాలు. ఆమె మొహం వెలిగిపోయింది. మా అమ్మాయి వాదనలో ఓడిపోగా నేను చూడలేదు, నా దిగులంతా అదే అని ఆమె తండ్రి చంద్రశేఖరం మాస్టారు ఊరికే అనరు. అప్పుడే ఆమె బుర్రలో భరద్వాజ మొదటి మాట, దానికి తన జవాబు, అతని రెండో మాట, దానికి తన జవాబు వరసగా నిలబడిపోయాయి. పద్మజ ఇంకా ఏదో చెబుతోంది.

"ఎండాకాలం కాణ్ణించి ఆయన నాకు ఫోను ఇవ్వట్లేదమ్మా. అంతకుముందు ఇంటికి రాగానే నా ఒళ్ళో పడేసేవాడు. మా తమ్ముడు బ్రమ్మం గుజరాత్ వెళ్ళిపోయాడా, అదిగో అప్పటినుంచి దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు. నీళ్ళ గదిలోకి కూడా పట్టుకెళతాడు. ఎవత్తో ఉందమ్మా. నాకు తెలుసు."

"బ్రమ్మం అంటే?"

"బ్రహ్మానందం. నా వెనకాలోడు. ఇక్కడ వేట లేదని అక్కడెక్కడో వేరావల్ బోట్ల మీద పనికెళ్ళాడు. నెలకు ఇరవై రోజులు నీళ్ళ మీదే ఉంటారంట, మాకు ఫోను కలవదు. అప్పుడప్పుడూ ఈయనకే మెసేజ్ పెడతాడు. బాగానే ఉన్నాడంట అని ఈయన మా అమ్మకి చెబుతాడు. ఇప్పుడు ఈయన లోపలుంటే ఆ కబురు కూడా లేదు. అమ్మ అన్నం ముట్టట్లేదు."

అపర్ణ తలూపింది. నిజం చెప్పాలంటే సగమే విన్నది. వేలు అరిగిన సంగతి దగ్గరే ఆమె మనసు ఆగిపోయి ఉంది. అడగాల్సిన ప్రశ్న ఒకటి ఆ తలుపు దగ్గరే గాలికి కొట్టుకుపోయింది, బండి బాపట్లలో ఆగింది.

ఈ కేసు కోసం వేసిన ప్రత్యేక బృందానికి ఎక్కడా గది ఖాళీ లేక, ఒక సందులో మేడ మీది వాటా అద్దెకు తీసుకున్నారు. కింద ఇల్లుగలావిడ సుబ్బాయమ్మ కాపురం. మేడ మీద మనిషి ప్రాణం గురించి విచారణ జరుగుతుంటే కింద కుక్కర్ విజిల్ వేస్తుంది, ఆవిడ పప్పు తాలింపు ఘాటుకు పైన నిందితుడూ పోలీసులూ కలిసి తుమ్ముతారు. మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు బసవమ్మ. బోటులో కాలిపోయిన కాపలాదారు భార్య. రోజూ వచ్చి కూర్చుంటుంది, భరద్వాజ కనపడితే 'ఏమన్నా తెలిసిందా బాబూ' అంటుంది, లేదంటే లేచి వెళ్ళిపోతుంది. ఆమెను దాటుకుని మెట్లెక్కేటప్పుడు పద్మజ కొంగు తల మీదికి లాక్కుంది. ముసలామె ఆమె మొహంలోకి చూసింది గానీ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే పద్మజకు కష్టమైంది.

భరద్వాజ చెడ్డవాడు కాదు. నిద్ర లేని మనిషి, అంతే. చొక్కా వీపంతా చెమటతో అంటుకుపోయి ఉంది. బల్ల మీద నాగశివ ఫోను చార్జరుకు తగిలించి ఉంది. ఆసుపత్రిలో పసివాడికి సెలైన్ పెట్టి కాపలా కూర్చున్నట్టు కానిస్టేబుల్ జార్జి దాని పక్కనే కూర్చుని ఉన్నాడు. ఫోను ఆరిపోకూడదు. ఒక్కసారి ఆరిపోతే మళ్ళీ వేలిని ఒప్పుకోదు, నంబరే అడుగుతుంది. ఆరిపోకపోయినా, మూడు రోజులు నంబరు కొట్టకపోతే వేలిని ఒప్పుకోవడం మానేస్తుంది, ఆ గడువు ఇవాళ్టితో సరి. ఆ నంబరేమో నాగశివ తలలో ఉంది. మనిషి తలలో ఉన్నది చెప్పమని బలవంతం చేయకూడదు, చేతికున్న వేలు మాత్రం ఆనించి చూసుకోవచ్చు అని మేజిస్ట్రేటు గీత గీశారు. పైకోర్టుల్లో దీనిమీద ఇంకా ఎవరి మాట వారిదే గానీ, మన కథకు ప్రస్తుతం ఈ గీత చాలు.

నాగశివ గోడ వారగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. భార్యను చూసి లేవబోయాడు. మళ్ళీ తల దించుకున్నాడు.

"రండి లాయరు గారూ," అన్నాడు భరద్వాజ. "మీవాడి వేళ్ళు చూడండి. నున్నగా పాలిష్ పెట్టుకున్నాడు. సాక్ష్యం మాపినందుకు ఇంకో కేసు రాస్తున్నా."

"రాసే ముందు ఒక చిన్న పని చేయండి సార్. మొన్న అతన్ని పట్టుకున్న వెంటనే కాగితాల మీద వేలిముద్ర వేయించారు గదా, ఆ కాగితం ఒకసారి చూపించండి."

జార్జి తీసి ఇచ్చాడు. అపర్ణ దాన్ని వెలుతురుకి పట్టుకుంది. అక్కడ ముద్ర లేదు. కోడిగుడ్డంత సిరా మరక ఉంది, అందులో ఒక్క గీత లేదు.

"అప్పటికి మీరు ఫోను మాటే ఎత్తలేదు. ముందు ముందు మీరు వేలు అడుగుతారని అతనికేమన్నా కలొచ్చిందా? ఉప్పునీళ్ళల్లో నానిన తాడు చిన్నప్పటినుంచీ లాగితే మీ వేళ్ళైనా నా వేళ్ళైనా ఇంతే సార్. వాళ్ళ రేషన్ డిపోకి ఫోన్ చేసి అడగండి. అతను ఏనాడైనా వేలు పెట్టి బియ్యం తెచ్చుకున్నాడా? కన్ను చూపించి తెచ్చుకున్నాడు. ఒక్క ఇతనే కాదు, ఆ పల్లెపాలెం మగాళ్ళంతా. అందరి మీదా కేసులు రాస్తారా?"

భరద్వాజ కాగితం తీసుకుని చూశాడు. తర్వాత లేచి నాగశివ దగ్గరికెళ్ళి, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. వేళ్ళ కొసలు మాత్రమే కాదు, అరచేయి కూడా అంతే. భరద్వాజ చెయ్యి వదిలేసి వచ్చి కూర్చున్నాడు.

"సరే మేడమ్. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మీరన్నదే నిజం."

వాదన గెలిచినవాళ్ళు వెంటనే లేచి వెళ్ళిపోవాలి. అపర్ణ మంచినీళ్ళు అడిగింది.

జార్జి గ్లాసు తెచ్చేలోపల భరద్వాజ ఊరికే ఫోనును ముందుకు లాక్కున్నాడు. తెర వెలిగింది. కింద చిన్న వేలి గుర్తు కనిపించింది. దాన్ని అతను మొన్నటినుంచీ చూస్తూనే ఉన్నాడు. ఇప్పుడు మాత్రం ఎందుకో చూస్తూ ఉండిపోయాడు.

"జార్జీ, ఏ వేలూ ఎక్కించని ఫోనైతే ఈ గుర్తు వస్తుందా?"

"రాదు సార్. ఏదో ఒక వేలు ఎక్కిస్తేనే వచ్చుద్ది."

"ఇతని వేలు ఎక్కడా పడదు, ఎప్పుడూ పడలేదు. లాయరు గారే రుజువు చేశారు." భరద్వాజ తలెత్తాడు. గొంతులో కోపం లేదు. "మరి ఇందులో ఎక్కించింది ఎవరి వేలు?"

కింద కుక్కర్ విజిల్ వేసింది. పద్మజ ఎవరూ ఏమీ అనకముందే కుడిచెయ్యి కొంగులోకి లాక్కుంది. ఇంకెవరూ జవాబు చెప్పనక్కర్లేకపోయింది.

అపర్ణకు ఎంత సిగ్గేసిందంటే, చేతిలో గ్లాసు తాగాలో పక్కన పెట్టాలో తెలియలేదు. క్లయింటును రక్షించడానికి తను పేర్చిన మాటల మీదుగానే పోలీసు నడుచుకుంటూ వెళ్ళి అతని భార్య దగ్గర ఆగాడు. బండిలో ఆ మనిషి 'ఫోను నా ఒళ్ళో పడేసేవాడు' అన్నప్పుడు, పడేస్తే నువ్వెలా తెరిచేదానివి అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. తెలివి ఎక్కువైనవాళ్ళకి వచ్చే కష్టాలు ఇలాగే ఉంటాయి.

నిజానికి అదేమీ రహస్యం కాదు. ఆ వీధిలో మగాళ్ళు కొత్త ఫోను కొనుక్కోవడానికి రేపల్లె వెళితే పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వెళతారు. కొట్టువాడు ముందు మొగుడి వేలు పెట్టి చూస్తాడు, పడదు. పెళ్ళాం వేలు పెడితే పడుతుంది. నీళ్ళ మీద ఉన్నప్పుడు మగాడికి నంబరు ఉంది, ఇంటికొచ్చాక ఆడమనిషి వేలు ఉంది. చేపలు కోసే చెయ్యి అరగదా అంటే, అరుగుతుంది గానీ తాడు లాగినంత అరగదు. అందరిళ్ళల్లోనూ ఉన్నదాన్ని ఎవరూ ఇంకొకరికి చెప్పుకోరు గదా. నాగశివ చేసిన తప్పల్లా ఒక్కటే. పెళ్ళానికి ఫోను ఇవ్వడం మానేశాడు గానీ, పెళ్ళాం వేలు అందులోంచి తీసేయాలని అతనికి తట్టలేదు.

"అమ్మా," అన్నాడు భరద్వాజ పద్మజతో. "ఒకసారి ఇలా రా."

"ఆగండి సార్," అపర్ణ లేచి మధ్యలో నిలబడింది. "మీ ఆర్డరు ఆయన వేళ్ళకి. ఈవిడ వేళ్ళకి కాదు. ఈవిడ మీద కేసు లేదు, సాక్షి కూడా కాదు. బలవంతం చేస్తే నేను ఇక్కణ్ణించి నేరుగా కోర్టుకెళతా."

"బలవంతం చేస్తానని ఎవరన్నారు? అడుగుతున్నా. మళ్ళీ అర్జీ పెట్టి ఆర్డరు తెచ్చేసరికి ఇవాళ దాటిపోతుంది. ఆ తర్వాత ఇది రాయి." అతను పద్మజ వైపు తిరిగాడు. "చూడమ్మా. ఆ రాత్రి రేవులో లేనంటాడు మీ ఆయన. అది నిజమైతే ఈ ఫోనే చెబుతుంది. ఇది తెరుచుకోకపోతే నా దగ్గరున్నదానితోనే నేను కోర్టుకెళతా. గొడవపడ్డాడు, బెదిరించాడు, ఎక్కడున్నాడో చెప్పడు. మనిషి పోయిన కేసు. బెయిలు కూడా అంత తేలిగ్గా రాదు. మెట్ల మీద కూర్చున్నావిడకి నేనేదో ఒక జవాబు చెప్పాలి గదా."

"వద్దు పద్మా!" నాగశివ బెంచీ మీంచి లేచాడు. మొన్నటినుంచీ ఆ గదిలో అతను ఎత్తిన మొదటి గొంతు అది. "నా మీద ఒట్టు. పెట్టొద్దు."

పద్మజ అతని వైపు తిరిగింది. అప్పటిదాకా పోలీసులకు భయపడ్డ మనిషి, మొగుడు ఒట్టు పెట్టేసరికి ఆ భయం ఎక్కడ పోయిందో తెలియదు.

"ఎందుకొద్దు? ఏం దాచావయ్యా అందులో? ఎవత్తది?"

"ఎవత్తీ లేదే."

"లేకపోతే దిండు కింద ఎందుకు పెట్టుకున్నావు? రాత్రిళ్ళు లేచి కూర్చుని దాన్నెందుకు చూసేవాడివి? నేను కళ్ళు మూసుకునే ఉన్నాను గానీ నిద్రపోలేదయ్యా. నేను చూడలేదనుకున్నావా?"

భరద్వాజ ఒక్క క్షణం ఇద్దరినీ చూసి, జార్జిని రమ్మని సైగ చేసి ఫోను చేత్తో పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. అంత మాత్రం మర్యాద అతనికి తెలుసు.

"నాగశివా," అంది అపర్ణ గొంతు తగ్గించి. "నాకైనా చెప్పు. నువ్వు చెప్పింది నేను ఎవరికీ చెప్పకూడదు, చెప్పను కూడా. ఆ రాత్రి ఎక్కడున్నావు?"

"చెప్పకూడదమ్మా. కట్టుబాటు ఉంది."

"కట్టుబాటంటే?"

"మా పెద్దలు కూర్చుని ఒక మాట కట్టేశారమ్మా. పల్లెపాలెం మగోళ్ళమంతా అమ్మవారి దగ్గర ఒట్టేసుకున్నాం. అది దాటినోణ్ణి ఎవరూ బోటు ఎక్కించుకోరు. మా ఇంట్లో చావు జరిగినా ఎవరూ గడప తొక్కరు. నేనొక్కణ్ణే అయితే ఏదో ఒకటి పడతాను. ఫోనులో అందరూ ఉన్నారమ్మా. అందరి గొంతులూ ఉన్నాయి."

అపర్ణకు కొంచెం కొంచెంగా అర్థమైంది. వేట నిషేధం రోజుల్లో బోటు నీళ్ళల్లోకి దింపితే బోటు పోతుంది, ఇంటికి వచ్చే సర్కారు భృతి పోతుంది. ఆ రాత్రి వీళ్ళంతా దొంగతనంగా వేటకు వెళ్ళి ఉంటారు. అంతేనా? ఇంత చిన్న సంగతికి ఒక మనిషి హత్యానేరం నెత్తిన పెట్టుకుంటాడా? తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. ఇంకేదో ఉంది. అడగబోయింది. పద్మజ ముందే అడిగేసింది.

"ఒట్టు మగోళ్ళు వేసుకున్నారా?"

"అవునే."

"ఆడోళ్ళని పిలిచారా? మాకు చెప్పారా?"

నాగశివ నేల చూపులు చూశాడు.

"అయితే నేనే ఒట్టూ వేసుకోలేదు." పద్మజ కొంగు నడుముకు బిగించి దోపుకుంది. "నువ్వు లోపలికెళితే గంపెత్తుకునేది నేను. మీ పెద్దలెవరూ నా పిల్లలకి అన్నం పెట్టరు. పాలెం అంతా బతకాలి, నా కొంప మాత్రం కూలిపోవాలి. ఇదేం కట్టుబాటయ్యా?"

"పద్మా, నీకోసమే వద్దంటున్నానే," అన్నాడు అతను. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "నా కోసం కాదు. నీ కోసం."

మొగుళ్ళు ఈ మాట అన్నప్పుడు నమ్మిన పెళ్ళాలు తక్కువ. పద్మజ కూడా నమ్మలేదు. అందులో వేరే ఆడదాని పేరు ఉందని ఆమె ఖాయం చేసుకుంది. ఉంటే ఉండనీ, ముందు మనిషి బయటపడనీ, తర్వాత నా చేతిలో ఉంది అతని సంగతి అనుకుంది. వరండా తలుపు తీసింది.

"సార్, తీసుకురండి."

"పద్మజా, నువ్వు పెట్టనక్కర్లేదు," అంది అపర్ణ. "నిన్నెవరూ ఏమీ చేయలేరు. ఇంకోసారి ఆలోచించు."

"ఆలోచించీ ఆలోచించీ తల పగిలిపోతోందమ్మా. ఇంక నావల్ల కాదు."

"సరే. అయితే నాదొక షరతు సార్. బోటు తగలబడిన రాత్రి ఏముందో అంతవరకే చూడాలి. మిగతాది ముట్టుకోకూడదు. మీ కాగితాల్లో ఆ మాట రాయండి."

భరద్వాజ ఒప్పుకున్నాడు, జార్జితో రాయించాడు కూడా. పద్మజ బొటనవేలు కొంగుకు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, ఫోను మీద పెట్టింది. పెట్టడమే ఆలస్యం, తెరుచుకుంది. మొన్నటినుంచీ నలుగురు పోలీసులకూ ఒక మేజిస్ట్రేటుకూ లొంగని ఫోను, ఇంటి మనిషి వేలు తగలగానే ఏమీ ఎరగనట్టు వెలిగింది. తెర మీద వాళ్ళ పిల్లల ఫొటో ఉంది.

నాగశివ గోడ వైపు తిరిగిపోయాడు.

జార్జి ఆ రాత్రి తేదీకి వెళ్ళాడు. బోట్లవాళ్ళందరూ కలిసి పెట్టుకున్న గ్రూపు అది. రాత మెసేజీలు లేవు, అన్నీ గొంతులే. చేతులు తడిగా ఉండేవాళ్ళు నొక్కి పట్టుకుని మాట్లాడతారు గానీ టైపు ఎందుకు చేస్తారు?

"సార్, రేవులో మంటలు కనపడ్డాయని మనకి ఫోను రాకముందే ఇది వచ్చింది," అన్నాడు జార్జి. "దీనికి జవాబుగా ఇతను లొకేషన్ పంపాడు. చూడండి, చుట్టూ నీళ్ళే. సిగ్నలు అందే అంచుదాకా పోయి ఉన్నారు."

"గొంతు పెట్టు," అన్నాడు భరద్వాజ.

ముందు ఇంజను చప్పుడు వినిపించింది. గాలి. తర్వాత ఇంకో బోటు మీంచి ఎవరో అరుస్తున్నారు.

"ఒరే శివా! శివా! బోటు వెనక్కి తిప్పరా! బ్రమ్మం పడిపోయాడురా... తాడు కాలికి సుట్టుకుంది... కనపట్టల్లేదురా! లైటు ఇటెయ్యి! ఇటెయ్యరా లైటు!"

అక్కడితో తెగిపోయింది.

అపర్ణ మనసులో మొదట మెదిలిన మాట ఏమిటో చెప్పాలంటే ఆమెకే సిగ్గు. 'నా క్లయింటు బయటపడ్డాడు' అనుకుంది. బోటు తగలబడే వేళకు నాగశివ సముద్రం మీద ఉన్నాడు, సాక్ష్యం పోలీసు చేతిలోనే ఉంది. ఆ సంతోషం ఆమెకు ఒక్క క్షణం కూడా మిగల్లేదు. పద్మజ మొహం చూసింది.

పద్మజ ఏడవడం లేదు. అర్థం కానట్టు ఫోను వంకే చూస్తోంది. ఆ తర్వాత మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఏ బ్రమ్మం?"

నాగశివ గోడకు తల కొట్టుకున్నాడు. జార్జి వెళ్ళి పట్టుకున్నాడు.

"తెల్లారేదాకా వెతికానే పద్మా. నేను కూడా దూకాను. వలలన్నీ కోసేశాం. దొరకలేదే. వాణ్ణి నేనే తీసుకెళ్ళానే. రానంటే నేనే రమ్మన్నానే." మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "నిషేధంలో వేటకెళ్ళామని తెలిస్తే అందరి బోట్లూ పోతాయన్నారు. గుజరాత్ వెళ్ళాడని చెప్పమన్నారు. అమ్మకి ఆ మాట చెప్పిన కాణ్ణించి నేను బతికి లేనే."

"అప్పుడప్పుడూ కబురు పంపాడన్నావు. బాగానే ఉన్నాడంట అన్నావు. అమ్మ ఆ మాట విన్నాకే అన్నం తినేది."

భరద్వాజ కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచాడో తెలియక కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. ఒక చావుకు జవాబు వెతుకుతుంటే చేతిలోకి ఇంకొక చావు వచ్చిపడింది. ఈ చావుకు కూడా జవాబు చెప్పాల్సినవాడుగా అదే మనిషి ఎదురుగా ఉన్నాడు.

"సార్," అన్నాడు జార్జి. అతని గొంతు మారిపోయింది. "తీసుకొచ్చినప్పుడు లాకు పడి ఉంది గదా, నెట్టు ఆపడం కుదర్లేదు. ఈ ఫోనుకి మొన్నటినుంచీ మెసేజీలు వస్తూనే ఉన్నాయి సార్."

"అయితే?"

"బ్రమ్మం అని పేరున్న నంబరు నుంచి కూడా వచ్చినాయి. ఆ రాత్రి తర్వాత చాలా ఉన్నాయి సార్. అన్నీ గొంతులే. వీటిల్లో ఈ చివరిది ఇంకా ఎవరూ వినలేదు." అతను తెర భరద్వాజ వైపు తిప్పాడు. "ఇవాళ పొద్దున వచ్చింది."

నాగశివ గోడ వదిలి ఒక అడుగు ముందుకొచ్చాడు.

"దాని జోలికి పోవద్దు సార్! మీకు దండం పెడతా. అది వినొద్దు. ఆమెకి వినిపించొద్దు!"

"ఎవరు పంపారు?" భరద్వాజ అరిచాడు. "బతికున్నాడా వాడు? చెప్పు!"

అందరూ నాగశివ వైపే చూస్తున్న ఆ కాసేపట్లో బల్ల మీద ఫోను తెర మసకబారి, నల్లబడి, మళ్ళీ తాళం పడిపోయింది.

జార్జి దాన్ని తీసుకుని పద్మజ ముందు పెట్టాడు. ఆమె మొహంలోకి చూడలేక బల్ల వైపు చూస్తూ అన్నాడు. "అమ్మా, ఇంకొక్కసారి వేలు."

పద్మజ చెయ్యి ముందుకు రాలేదు. ఆ రాత్రి వరకే చూడాలన్న షరతు గుర్తుచేయబోయి అపర్ణ మానుకుంది. ఇవాళ తను మాట్లాడిన మాటలు చాలనుకుంది. వచ్చి ఆమె పక్కన నిలబడింది, అంతే.

"పెడతాను సార్," అంది పద్మజ. పిడికిలి బిగించి ఉంది. "మీరందరూ కిందికి దిగండి. ఈయన్ని కూడా తీసుకుపోండి. వాడు నా తమ్ముడు. అది వాడి గొంతో కాదో ముందు నేను వినాలి. మీకు సాక్ష్యమైతే ఆ తర్వాత అవుద్ది."

"అలా కుదరదమ్మా," అన్నాడు భరద్వాజ. గొంతు మెత్తగానే ఉంది గానీ కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. "అది కేసు సొత్తు. నీ ఒక్కదాని చేతికీ ఇవ్వకూడదు. టైము లేదు, తెలుసుగా."

పద్మజ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది.

"అయితే ఎదురుచూడండి సార్. ఎండాకాలం కాణ్ణించి మా అమ్మ చూడట్లా?"